గుండెలో గడ్డ, మెదడులో గడ్డ: డాక్టర్ బూర్న్‌వీల్ జీవితం

ఈ సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాసి ఇమ్మని మన సంఘం సాహిత్య కార్యదర్శి అడిగినప్పుడు మా క్లాసులో తలా ఒక పేరు పట్టుకున్నారు. ఒకరు సి.వి. రామన్‌ను, ఒకరు మేడం క్యూరీని, ఇద్దరు యల్లాప్రగడ సుబ్బారావు గారిని. నాకు ఎవరు మిగిలారా అని చూసుకుంటే, ఎవరి జాబితాలోనూ లేని పేరు ఒకటి మూడేళ్లుగా నా జేబులోనే ఉన్నది. జేబులో అంటే నిజంగా జేబులోనే. మా అక్క కొడుకు మందుల చీటీ ఒకటి మడిచి పర్సులో పెట్టుకొని తిరుగుతున్నాను. దాని మీద డాక్టరు గారు జబ్బు పేరు పొడుగ్గా వ్రాసి, దాని కిందనే బూర్న్‌వీల్ వ్యాధి అని ఇంకో పేరు వ్రాశారు. బూర్న్‌వీల్ అన్నది ఊరో మనిషో మొదట నాకు తెలియలేదు. మనిషే. పోయి నూరేళ్లు దాటింది. మెదడు జబ్బుల వైద్యులకు ఆ పేరు తెలియకుండా ఉండదు. మన బోటి వాళ్లకు మాత్రం ఇంట్లోకి ఆ జబ్బు వస్తే తప్ప తెలియదు.

నేను బి.యస్సీ. రెండో సంవత్సరం విద్యార్థిని. వైద్య విద్యార్థిని కాను. వరి, పసుపు పండించే ఇంటి నుంచి వచ్చాను. వ్రాసింది మా జంతుశాస్త్రం లెక్చరర్ గారికి చూపించాను. ఆయన దిద్దినవి పోగా మిగిలిన తప్పులు నావి.

డెజిరే మాగ్లువార్ బూర్న్‌వీల్ 1840 అక్టోబరులో ఫ్రాన్సు దేశంలోని నార్మండీ ప్రాంతంలో గరాన్సియేర్ అనే చిన్న పల్లెలో పుట్టాడు. పల్లె నుంచి పట్నం వెళ్లి చదివినవాడంటే నాకు సహజంగానే ఒక అభిమానం, దాన్ని దాచుకోను. పారిస్ వెళ్లి వైద్యం చదివి, అక్కడి పెద్దాసుపత్రుల్లో ఇంటర్న్‌గా పనిచేశాడు. 1866లో అమియన్ అనే పట్టణంలో కలరా వచ్చింది. మా నాయినమ్మ భాషలో చెప్పాలంటే గత్తర. గత్తర వస్తే ఊళ్లు ఖాళీ చేసి పోయేవాళ్లని ఆమె చెప్పేది. ఈ పాతికేళ్ల కుర్రవాడు తనంతట తాను అడిగి ఆ ఊరికి పోయాడు. జబ్బు తగ్గుముఖం పట్టాక ఊరివాళ్లు కృతజ్ఞతగా ఒక బంగారు గడియారం ఇచ్చి పంపారట.

1870లో ఫ్రాన్సుకూ జర్మన్లకూ యుద్ధం వచ్చింది. ఆయన సైన్యంలో వైద్యుడుగా చేశాడు. మరుసటి సంవత్సరం పారిస్ నగరమే రెండుగా చీలింది. కమ్యూన్ పేరుతో విప్లవకారులు నగరాన్ని పట్టుకున్నారు. వాళ్లలో కొందరు ఆసుపత్రికి వచ్చి, అక్కడ గాయాలతో పడి ఉన్న శత్రుపక్షం వాళ్లను కాల్చేస్తామన్నారు. బూర్న్‌వీల్ అడ్డం నిలబడి వాళ్లను కాపాడాడు. రాజకీయంగా ఆయనవి వామపక్షపు భావాలే, రాజరికం గిట్టదు, మతాధికారం అసలే గిట్టదు. అయినా మంచం మీద ఉన్నవాడు ఏ పక్షమని అడగలేదు. ఈ ఒక్క సంఘటన చదివిన తర్వాతనే ఈయన గురించి వ్రాయవచ్చునని నాకు ధైర్యం కలిగింది.

ఆ రోజుల్లో పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో షార్కో అనే మహా వైద్యుడు ఉండేవాడు. నరాల జబ్బుల శాస్త్రానికి ఆయనను పితామహుడంటారు. ఆయన పాఠాలు వినడానికి దేశదేశాల నుంచి వచ్చేవారు. ఆ పాఠాలను వ్రాసుకొని, సరిదిద్ది, పుస్తకాలుగా అచ్చు వేయించినవాడు బూర్న్‌వీల్. 1873లో ల ప్రోగ్రె మెడికాల్ అనే వైద్య పత్రికను స్థాపించాడు. 1880లో షార్కోతో కలిసి నరాల శాస్త్రానికే ప్రత్యేకంగా మరో పత్రిక మొదలైంది. ఇంకొకరి మాటలు అచ్చు వేయించడంలో ఆయన ఎంత కష్టపడ్డాడో తలచుకుంటే, మన సంచిక సంపాదకుల అవస్థ కొంచెం అర్థమవుతుంది. రోగుల ఫోటోలతో ఒక గ్రంథం కూడా 1876 నుంచి 1880 వరకు సంపుటాలుగా వెలువరించాడు. మూర్ఛ వచ్చి పడిన ఆడవాళ్ల ఫోటోలవి. శాస్త్రానికి ఉపయోగమే కావచ్చు. కాని వాటిలో రెండు మూడు చూసిన తర్వాత నాకు మనసొప్పలేదు. మా అక్క కొడుకును ఆ స్థితిలో ఎవరైనా ఫోటో తీస్తే నేను ఊరుకోను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సాల్‌పెట్రియేర్‌లోనే డెలాసియోవ్ అనే వృద్ధ వైద్యుని వార్డులో పదిహేనేళ్ల అమ్మాయి ఒకతె ఉండేది. పసితనం నుంచి ఫిట్స్. బుద్ధి ఎదగలేదు. ఒక పక్క చేయీ కాలూ సరిగా పనిచేయవు. ముక్కు చుట్టూ, బుగ్గల మీద, నుదుటి మీద ఎర్రగా చిన్న చిన్న పొక్కులు. ఆనాటికి తెలిసిన వైద్యమంతా చేశారు. జలగలు పట్టించారు, కర్పూరం కలిసిన బ్రోమైడు ఇచ్చారు, అమైల్ నైట్రైట్ వాసన చూపించారు. ఏదీ నిలబడలేదు. చివరకు ఫిట్స్ ఒకదాని వెనుక ఒకటి ఆగకుండా వచ్చి 1879లో ఆమె చనిపోయింది.

బూర్న్‌వీల్ ఆమె తలను తెరిచి చూశాడు. మెదడు పైపొర మడతల్లో అక్కడక్కడ తెల్లగా, గట్టిగా, చుట్టూ ఉన్న మెత్తని భాగానికి భిన్నంగా ఉబ్బిన గడ్డలు కనిపించాయి. మెదడు లోపల నీరుండే గదుల గోడల మీద కూడా చిన్న చిన్న గట్టి ఉండలున్నాయి. 1880లో దీన్ని ప్రచురిస్తూ ఆయన ఈ స్థితికి పెట్టిన పేరు ట్యూబరస్ స్క్లెరోసిస్. స్క్లెరోసిస్ అంటే గట్టిపడడం. ట్యూబర్ అంటే దుంప. ఇంగ్లీషులో గందరగోళంగా ఉన్న ఈ మాట మన తెలుగులో ఎంత తేలికైపోయిందో చూడండి. మా వైపు నేలలో ఊరేదీ గడ్డే, ఒంట్లో లేచేదీ గడ్డే. ఆలుగడ్డ, చేమగడ్డ, కందగడ్డ, తలలో గడ్డ. మా బాపుకు ఈ జబ్బు గురించి చెప్పినప్పుడు నేను వేరే మాట వెతుక్కోలేదు. మెదడులో అక్కడక్కడ గడ్డలూరినయి అన్నాను, అర్థమైంది. ఇవి క్యాన్సరు గడ్డలు కావు. ఒకచోట నుంచి ఇంకోచోటికి పాకవు. తల్లి కడుపులోనే మెదడు తయారయ్యేటప్పుడు కణాలు దారి తప్పి, పెరగవలసిన తీరున పెరగక, కలగాపులగంగా కూడిన చోట్లు.

ఆ అమ్మాయి మూత్రపిండాల మీద కూడా పసుపు తెలుపు కలిసిన చిన్న గడ్డలు ఆయనకు కనబడ్డాయి. చూశాడు, వ్రాశాడు. కాని మెదడు గడ్డలకూ వీటికీ సంబంధం ఉందని అనుకోలేదు. ముఖం మీది పొక్కులనూ అంతే. ఎంత గొప్పవాడైనా మొదటిసారి ఒకే ఒక్క శవాన్ని చూసినప్పుడు, ఏవి కలిసి వచ్చాయో, ఏవి ఊరికే పక్కపక్కన ఉన్నాయో ఎట్లా తెలుస్తుంది? మరుసటి సంవత్సరం, 1881లో, బ్రిస్సో అనే యువ వైద్యునితో కలిసి నాలుగేళ్ల బాబు ఒకణ్ణి పరిశీలించాడు. వాడికీ ఫిట్స్, వాడికీ మెదడులో అవే గడ్డలు, కిడ్నీల మీదా అవే గడ్డలు. రెండోసారి కనబడేసరికి ఇద్దరూ ఆగి ఆలోచించారు. ఇది కాకతాళీయం కాదు, రెండింటికీ ఏదో చుట్టరికం ఉందని వ్రాశారు.

గుండె మాట ఏమిటి? ఇక్కడ మనం పారిస్ విడిచి, కాస్త వెనక్కి, 1862లో బెర్లిన్‌కు పోవాలి. అక్కడ ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ అనే యువ శాస్త్రజ్ఞుడు ఒక ప్రసూతి వైద్యుల సభలో పసికందు గుండెను చూపించాడు. పుట్టి నాలుగు ఊపిర్లు తీసి పోయిన బిడ్డ. గుండె కండలో గడ్డలు, కొన్ని లోపలికి పొడుచుకొని వచ్చాయి. అదే బిడ్డ మెదడులో చాలాచోట్ల గట్టిపడిన భాగాలున్నాయని కూడా ఆయన చెప్పాడు. ఇది బూర్న్‌వీల్ వ్యాసానికి 18 ఏళ్ల ముందు సంగతి. ఒకరు గుండె చూపిస్తూ మెదడును పక్కన చెప్పారు. ఇంకొకరు మెదడు చూపిస్తూ కిడ్నీని పక్కన చెప్పారు. గుండె గడ్డలూ కిడ్నీ గడ్డలూ కూడా ఈ జబ్బులో భాగమేనని జర్మనీలో ఫోక్ట్ అనే వైద్యుడు గుర్తించేనాటికి 1908 వచ్చింది. బెర్లిన్ బిడ్డ నుంచి లెక్క వేస్తే 46 ఏళ్లు.

ఈ 46 ఏళ్ల సంగతి చదివినప్పుడు నేను లైబ్రరీలో పుస్తకం మూసి బయటికి వచ్చి కూర్చున్నాను. ఎందుకంటే ఆ ఎడం మా ఇంట్లో కూడా నడిచింది. 46 ఏళ్లు కాదు, 7 నెలలు.

అక్కకు ఏడో నెలలో స్కానింగ్ చేస్తే కడుపులో బిడ్డ గుండెలో మూడు చిన్న గడ్డలున్నాయన్నారు. ఇల్లంతా ఏడుపు. దగ్గరి పట్టణంలో ఒక ఆసుపత్రిలో చూపిస్తే, ఇవి ప్రమాదం లేని గడ్డలు, పుట్టిన తర్వాత వాటంతట అవే కరిగిపోతాయి అన్నారు. నిజమే చెప్పారు. గుండెలో వచ్చే ఈ గడ్డను రాబ్డోమయోమా అంటారు. పిల్లల గుండెలో వచ్చే గడ్డల్లో ఎక్కువ కనబడేది ఇదే. సూక్ష్మదర్శినిలో దీని కణాలు ఉబ్బి, మధ్యలో కేంద్రకం చుట్టూ దారాలు కట్టినట్టు ఉంటాయి కాబట్టి సాలీడు కణాలంటారు. కడుపులో ఉన్నప్పుడు పెరుగుతుంది, పుట్టిన తర్వాత చాలామందిలో తగ్గిపోతుంది. రక్తం దారికి అడ్డం పడితేనో, గుండె లయ తప్పిస్తేనో తప్ప కోసి తీసే పని ఉండదు. మా వాడికి అట్లాంటిదేమీ కాలేదు. పుట్టినాక మూడు నెలలకు ఎకో తీస్తే గడ్డలు సగమైపోయినయి. మా నాయినమ్మ మొక్కు తీర్చింది, మేము మిఠాయిలు పంచాం.

ఆ ఆసుపత్రిలో చెప్పని మాట ఒకటి ఉన్నది. గుండెలో ఇటువంటి గడ్డలు ఒకటికి మించి ఉన్నప్పుడు ఆ బిడ్డకు చాలావరకు బూర్న్‌వీల్ వ్యాధి ఉంటుంది, కాబట్టి తల కూడా చూడాలి, ఫిట్స్ కోసం కనిపెట్టి ఉండాలి అన్న మాట. చెప్పని వారి మీద నాకు ఇప్పుడు కోపం లేదు. అప్పుడు ఉండేది.

ఐదో నెలలో బాబు నిద్ర లేవగానే తల ముందుకు వంచి రెండు చేతులూ విదిలించేవాడు. ఒకసారి కాదు, వరుసగా పది పన్నెండు సార్లు. ఉలిక్కిపడుతున్నాడన్నారు. కడుపునొప్పి అన్నారు. దిష్టి అన్నారు. తాయెత్తు కట్టారు. నవ్వడం మానేశాడు. ఒంటి మీద మూడు నాలుగు చోట్ల తెల్లటి మచ్చలుంటే, ఎండ తగిలి అట్లా అయిందనుకున్నాం. అక్క గ్రహణం నాడు బయట తిరిగిందని వాళ్లత్తగారి ఇంట్లో ఒకరన్న మాట అక్క ఇప్పటికీ మరిచిపోలేదు. ఏడో నెల నిండబోతుండగా హైదరాబాదు తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ బాబును చీకటి గదిలో ఊదారంగు దీపం కింద చూసింది. ఆ మచ్చలు ఒక చివర గుండ్రంగా, ఒక చివర సన్నగా, వేప రెమ్మ నుంచి ఊడిన ఆకుల్లాగా మెరిశాయి. అప్పుడామె అడిగిన మొదటి ప్రశ్న, కడుపుతో ఉండగా స్కానింగ్‌లో గుండెలో ఏమైనా కనబడిందా అని. మా బావ సంచిలో నుంచి ఆ పాత కాగితం తీసి ఇచ్చాడు. అంతవరకు దాన్ని అడిగినవారు లేరు. తర్వాత తీసిన ఎం.ఆర్.ఐ.లో మెదడు గడ్డలు కనిపించాయి. ఆ రాత్రే ఫిట్స్ మందు మొదలుపెట్టారు, నాలుగో రోజుకు ఆ విదిలింపులు ఆగిపోయాయి. ముందే మొదలుపెట్టి ఉంటే ఎంత తేడా ఉండేదో మా వాడి విషయంలో ఎవరూ లెక్క కట్టి చెప్పలేరు. ఈ రకం ఫిట్స్‌లో మందు ఎంత తొందరగా పడితే బుద్ధి ఎదుగుదలకు అంత మేలు అన్నది మాత్రం వైద్యులందరూ ఒప్పుకొనే మాట.

మళ్లీ బూర్న్‌వీల్ దగ్గరకు. ఒక జబ్బుకు పేరు పెట్టి ఊరుకుని ఉంటే ఆయన గురించి నాలుగు వాక్యాలతో సరిపోయేది. 1879లో ఆయనకు పారిస్ శివార్లలోని బిసేత్ర ఆసుపత్రిలో పిల్లల విభాగం అప్పగించారు. బిసేత్ర అంటే ఆనాటికి పిచ్చివాళ్లు, ముసలివాళ్లు, ఎవరికీ అక్కరలేని వాళ్లు ఉండే చోటు. మూర్ఛ పిల్లలు, బుద్ధి ఎదగని పిల్లలు అక్కడ ఉండేవారు. వైద్య పుస్తకాలలో అప్పుడు వాళ్లకు వాడిన మాట ఇడియట్. ఈనాడు ఆ మాట తిట్టు. ఆనాడు అది రోగ నిర్ధారణ, దాని తర్వాత చేసేది ఏమీ లేదని దాని అర్థం. బూర్న్‌వీల్ ఆ మాట వాడాడు, అర్థాన్ని ఒప్పుకోలేదు.

ఆయన కంటె ముందు సెగాన్ అనే ఫ్రెంచి ఉపాధ్యాయుడు ఇటువంటి పిల్లలకు చదువు చెప్పవచ్చునని చూపించి, తర్వాత అమెరికా వెళ్లిపోయాడు. స్వదేశంలో దాదాపు మరిచిపోయిన ఆ పద్ధతులను బూర్న్‌వీల్ బిసేత్రలో మళ్లీ లేవదీశాడు. ముందు నిలబడడం, తర్వాత నడవడం. చెంచా పట్టడం. మలమూత్రాలకు వేళ అలవాటు చేయడం. బట్టలకు గుండీలు పెట్టడం, తాడు ముడి వేయడం, వీటికోసం చెక్క చట్రాలకు గుడ్డ బిగించి గుండీలూ కాజాలూ కుట్టి పిల్లల చేతికిచ్చేవారు. ఆ మెట్లు దాటినవారికి అక్షరాలు, లెక్కలు, వ్యాయామం, సంగీతం. ఇంకా పెద్దవారికి పని: వడ్రంగం, తాళాల పని, కుట్టుపని, చెప్పుల పని, బుట్టలల్లడం, అచ్చు పని. ఏటేటా ఎంతమంది పిల్లలకు ఏమి వచ్చింది, ఏమి రాలేదు అన్న నివేదికలను పుస్తకాలుగా వేశాడు. రాలేదు అన్నది కూడా వ్రాశాడన్నది గమనించాలి. ఆసుపత్రికి రాలేని మధ్యతరగతి వాళ్ల కోసం విత్రీ అనే చోట ఒక ప్రత్యేక విద్యా సంస్థ కూడా నెలకొల్పాడు. ఇటలీ నుంచి మరియా మాంటిస్సోరి వచ్చి బిసేత్రలో జరుగుతున్న పనిని చూసిపోయింది. ఆమె తర్వాతి కాలంలో మద్రాసు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన సంగతి మన లెక్చరర్లకు తెలుసు. మన ఊళ్లలో ఇంగ్లీషు మీడియం బళ్ల బోర్డుల మీద ఆమె పేరు ఉంటుంది. ఆ గుండీల చట్రం ముందుగా ఎవరి పిల్లల కోసం తయారైందో ఆ బోర్డు పెట్టినవారికి తెలుసునో లేదో.

అందరికీ ఒకే మందు లేదని కూడా ఆయన తెలుసుకున్నాడు. కొందరు పిల్లలు మరుగుజ్జులుగా, ముఖం ఉబ్బి, చర్మం మందంగా ఉండేవారు. గొంతులోని థైరాయిడ్ గ్రంథి లేకపోవడమే వాళ్ల జబ్బు. 1890ల్లో గొర్రె థైరాయిడ్ తినిపించే వైద్యం వచ్చినప్పుడు బూర్న్‌వీల్ దాన్ని వెంటనే ఆ పిల్లలకు వాడాడు. వాళ్లు ఎత్తు పెరిగారు, చురుకయ్యారు. అదే రోజుల్లో ఒక పేరున్న శస్త్రవైద్యుడు, బుద్ధి ఎదగకపోవడానికి కారణం పుర్రె అతుకులు ముందే మూసుకుపోవడమని, పుర్రె చీలిస్తే మెదడు పెరుగుతుందని ఆపరేషన్లు మొదలుపెట్టాడు. తల్లిదండ్రులు ఆశతో క్యూ కట్టారు. బూర్న్‌వీల్ తన దగ్గర చనిపోయిన పిల్లల పుర్రెలు చూపించి, అతుకులు మామూలుగానే ఉన్నాయి, ఈ కోత వృథా అని నిలబడి వాదించాడు. ఆశపడిన తల్లిదండ్రులకు ఇది చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. బాబు జబ్బు బయటపడిన తర్వాత ఎక్కడో తల తడిమి నయం చేస్తారని ఎవరో చెబితే మా బావ అప్పు చేసి పోవడానికి సిద్ధమయ్యాడు. ఆపింది నేనే. ఆ రాత్రి ఆయన నాతో మాట్లాడలేదు.

రాజకీయాల సంగతి క్లుప్తంగా చెబుతాను. 1876లో పారిస్ నగరపాలక సభకు ఎన్నికయ్యాడు. 1883 నుంచి 1889 వరకు పార్లమెంటు సభ్యుడు. ఆసుపత్రుల్లో సన్యాసినులకు బదులు చదువు, శిక్షణ ఉన్న నర్సులుండాలని పట్టుబట్టి, 1878లో నర్సుల బళ్లు తెరిపించాడు, వాళ్లకు పాఠ్యపుస్తకం వ్రాయించాడు. నర్సు పని ఒక చదువుగా మారడం మంచిదే. కాని తరాలుగా రోగులకు సేవ చేసిన సన్యాసినులను పంపించిన తీరు నాకు కొంచెం కటువుగానే తోచింది. పట్టుదల ఉన్నవాళ్లకు ఎదుటివాడి బాధ ఒక్కొక్కసారి కనబడదేమో. ఇంకొకటి మాత్రం నాకు చాలా నచ్చింది. పాతకాలంలో దయ్యం పట్టిందని, మంత్రగత్తె అని విచారించి హింసించినవారి కేసుల పత్రాలను వెతికి, అవి మూర్ఛ, హిస్టీరియా వంటి జబ్బులని చూపిస్తూ ఒక పుస్తకమాల ప్రచురించాడు. దానికి పెట్టిన పేరు దయ్యాల గ్రంథమాల. ఇంత గంభీరమైన మనిషికి హాస్యం కూడా ఉన్నదన్నమాట. ఇది చదివి నేను ఇంటికి పోయినప్పుడు బాబు తాయెత్తు విప్పుదామనుకున్నాను. నాయినమ్మ కళ్లలోకి చూసి ఊరుకున్నాను. తాయెత్తు ఉన్నది, మందు కూడా వేళకు పడుతున్నది.

1905లో ఆయన బిసేత్ర నుంచి పదవీ విరమణ చేశాడు. బడిలో వెనుకబడిన పిల్లలకు ప్రత్యేక తరగతులు పెట్టాలని ఎన్నో ఏళ్లు పోరాడాడు. 1909 ఏప్రిల్‌లో ఫ్రాన్సు ప్రభుత్వం ఆ తరగతుల చట్టం చేసింది. అదే సంవత్సరం మే నెలలో బూర్న్‌వీల్ చనిపోయాడు.

ఆయన పోయిన తర్వాత ఈ జబ్బు కథ ఇంకా నడిచింది. దీనికి రెండు జన్యువులలో ఏదో ఒకటి చెడిపోవడం కారణమని తేలింది. 16వ క్రోమోజోము మీది జన్యువును 1993లో, 9వ క్రోమోజోము మీదిదాన్ని 1997లో గుర్తించారు. పొలంలో మోటారు వేసి, మడి నిండగానే ఆపే మనిషి ఒకడు ఉంటాడు గదా. ఈ జన్యువులు చేసేది ఆ ఆపే పని. అవి చెడితే కణం పెరుగుదల ఆగదు, గుండెలో, మెదడులో, కిడ్నీలో, చర్మంలో మడి పొంగినట్టు గడ్డలు వస్తాయి. విడివిడిగా కనబడిన గడ్డలన్నిటికీ మోటారు ఒకటే. దాదాపు ఆరు వేల మంది పిల్లల్లో ఒకరికి ఈ జబ్బు ఉంటుందని అంచనా. మూడింట రెండు వంతుల మందిలో ఇది తల్లిదండ్రుల నుంచి రాదు, బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. అక్కకూ బావకూ పరీక్ష చేస్తే ఇద్దరిలోనూ లేదని వచ్చింది. ఆ కాగితం నేను తెలుగులో వ్రాసి అక్క అత్తగారింటికి పంపించాను. గ్రహణం మాట ఆ తర్వాత మళ్లీ వినబడలేదు.

మందు మట్టిలో నుంచి వచ్చింది. 1964లో కెనడా వాళ్ల బృందం ఒకటి పసిఫిక్ మహాసముద్రంలోని ఈస్టర్ ద్వీపానికి వెళ్లి మట్టి తెచ్చింది. ఆ మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవి నుంచి, పంజాబులో పుట్టిన సురేంద్రనాథ్ సెహగల్, ఆయన సహచరులు మాంట్రియల్‌లో ఒక పదార్థం తీశారు. ఆ ద్వీపం అసలు పేరు రాపా నుయి కాబట్టి దాన్ని రాపమైసిన్ అన్నారు. తొలకరికి మన చేలల్లో లేచే మట్టి వాసన కూడా ఈ జాతి జీవులదే. మన సుబ్బారావు గారి ఆధ్వర్యంలో ఆరియోమైసిన్ వచ్చింది కూడా వీటి చుట్టం నుంచే, ఆయన మీద వ్రాస్తున్న మిత్రులు ఇది గమనించగలరు. పొంగే మోటారును రాపమైసిన్ ఆపగలదని తర్వాత తెలిసింది. దాని నుంచి చేసిన ఎవరోలిమస్ అనే మందును ఈ జబ్బులో పెరిగే మెదడు గడ్డకు వాడడానికి 2010లో అమెరికాలో అనుమతి ఇచ్చారు. గుండె గడ్డ రక్తానికి అడ్డుపడిన పసికందులకు కూడా కొందరు వైద్యులు ఇదే ఇచ్చి, గడ్డ తగ్గిన సంగతులు ప్రచురించారు. గుండె గడ్డ పుట్టినాక తగ్గుతుంది, మెదడు గదుల దగ్గరి గడ్డ మాత్రం కొందరిలో పిల్లవాడితో పాటు పెరిగి నీరు పోయే దారి మూస్తుంది. అందుకని మా వాడికి ఏటా తల తీయించి కొలుస్తున్నారు. ఇప్పటికి పెరగలేదు.

వాడికి ఇప్పుడు నాలుగేళ్లు. మాటలు పది పన్నెండు. మామ అనే మాట అందులో ఉన్నది. మంచిర్యాల బస్సు దిగి వారానికి మూడు రోజులు అక్క వాడిని ప్రత్యేక బడికి తీసుకుపోతుంది. అక్కడ చెక్క చట్రానికి గుడ్డ బిగించి, నాలుగు పెద్ద గుండీలు కుట్టి ఉంటాయి. దసరా సెలవుల్లో నేనూ వెంట పోయాను. వాడు నాలుక బయట పెట్టి, నుదురు చిట్లించి, మొదటి గుండీ పెట్టాడు, రెండోది పెట్టాడు. మూడోది జారిపోయింది. నేను సాయం చేయబోతే టీచరమ్మ నా చేయి పట్టుకొని ఆపింది. మేమిద్దరం అట్లాగే కూర్చొని చూస్తున్నాం, వాడు మళ్లీ మొదలుపెట్టాడు.